వేలంపాటలో నగరం: డెక్కన్ చార్జర్స్ ఐదేళ్ళ చరిత్రకు వాడ నుంచి కొన్ని ప్రశ్నలు

ఈ వ్యాసం ఒక క్రికెట్ జట్టు గురించి. 2008లో పుట్టి 2012లో అంతరించిన డెక్కన్ చార్జర్స్ గురించి. భూమి, కూలి, దాడులు, రిజర్వేషన్లు, ఇన్ని సమస్యలుండగా ఐదేళ్ళు బతికిన ఒక కంపెనీ జట్టు మీద దళిత పరిశోధకులు కాలం ఖర్చు పెట్టడం అవసరమా అని మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేము చెప్పేది ఒక్కటే. ఒక నగరం పేరు పెట్టి, ఇది అందరిదీ అని చెప్పి ఒక జట్టును నిలబెట్టినప్పుడు ఆ 'అందరి'లో మనం ఉన్నామా లేదా అని అడగడం చరిత్ర పనే. ఊరు అందరిదీ అన్నరు, బావి కాడ మనం లేము. గుడి అందరిదీ అన్నరు, మెట్ల కాడనే ఆపిండ్రు. ఆట సంగతి కూడా చూడాల్సిందే.

ఇంకో కారణం కూడా ఉంది. సరళీకరణ వచ్చిన తర్వాత మనలోనే ఒక వాదం బలపడింది. మార్కెట్టుకు కులం పట్టదు, పనితనం ఉంటే కొనుక్కుంటుంది, కాబట్టి ఊరి కట్టుబాటు కన్నా మార్కెట్టే మనకు మేలు అనేది ఆ వాదం. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. ఊరు ఇవ్వని కూలిని, గౌరవాన్ని పట్నం కొంతమందికైనా ఇచ్చింది. అయితే ఏ వాదాన్నయినా పరీక్షించి చూడాలె. బాహాటంగా మనుషులకు వెలకట్టి, పాట పాడి కొనుక్కున్న ఐపీఎల్ అందుకు పనికొచ్చే చోటు.

ఊరి జట్టులో వాడ చెయ్యి

మేము పుట్టిన ఊర్లో మైదానం అంటే వరి కోసిన మడి. తాటిమట్ట చెక్కి బ్యాటు చేసుకునేది, సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి బంతి చేసుకునేది. ఊరి పిల్లల ఆట ఊర్లో, మా ఆట వాడలో. మండలం పోటీలు వచ్చినప్పుడు మాత్రం ఊరి జట్టువాళ్ళు వాడకొచ్చి ఒక అన్నను పిలుచుకపోయేటోళ్ళు. ఆయన బంతి వేస్తే ఎదుటివాని కాళ్ళు వణికేవి. ఆట నడిచినంతసేపు ఆయన 'మన బౌలరు'. బ్యాటింగు పదకొండో నంబరు. నీళ్ళు దోసిట్లో పోసేది. గెలిచిన కప్పు ఊరి యువజన సంఘం గదిలో ఉండేది. ఆ గదిలోకి ఆయన పోయింది లేదు. చాలా ఏళ్ళకు, కప్పుతో దిగిన ఒక ఫోటో మాకు దొరికింది. అందులో పదిమందే ఉన్నరు. ఆ అన్నను అడిగితే, అందరూ ఫోటో దిగుతున్నప్పుడు తాను పిచ్చు మీది చాప చుట్టి ట్రాక్టరులో వేస్తున్నానని చెప్పిండు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. మాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదని, దీనికి నూరేళ్ళు పైబడిన చరిత్ర ఉందని విశ్వవిద్యాలయం లైబ్రరీకి వచ్చాకనే తెలిసింది. పాల్వంకర్ బాలూ 1876లో ధార్వాడలో చమార్ కుటుంబంలో పుట్టాడు. పూనాలో పార్శీల క్లబ్బులో పిచ్చు ఊడ్చి రోలరు లాగే పనికి నెలకు మూడు రూపాయల జీతానికి చేరాడు. తర్వాత తెల్లవాళ్ళ పూనా క్లబ్బులో నెట్స్ కట్టి, వాళ్ళ అభ్యాసం కోసం గంటల తరబడి బంతులు వేశాడు. ఆయన ఎడమచేతి స్పిన్ ఆ చాకిరీలోనే పదునెక్కింది. బ్యాటు మాత్రం ఆయన చేతికి ఇవ్వలేదు. పూనా హిందువులకు తెల్లవాళ్ళను ఓడించాలన్న కోరిక పుట్టినప్పుడు బాలూ అవసరమయ్యాడు. మైదానంలో ఆయన ముట్టిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ వేళకు మాత్రం ఆయనకు వేరుగా, బయట, మట్టి ముంతలో పోశారు.

1906లో బొంబాయిలో హిందువుల జట్టు యూరోపియన్ల జట్టును ఓడించినప్పుడు బాలూతోపాటు ఆయన తమ్ముడు శివరామ్ కూడా ఆడాడు. 1911 ఇంగ్లండు పర్యటనలో బాలూ నూరుకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టు నాయకత్వం ఆయనకు దక్కలేదు. 1920లో తమ్ముళ్ళు ఈ అన్యాయాన్ని బహిరంగంగానే ప్రశ్నించి జట్టు నుంచి తప్పుకున్నారు. చివరికి 1923లో ఇంకో తమ్ముడు విఠల్ నాయకుడయ్యాడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఇదే బాలూను డాక్టర్ అంబేద్కర్ మీద పోటీకి దింపింది. అంబేద్కర్ గెలిచారు. గెలవడానికి మన చెయ్యి కావాలె, తర్వాత ఆ చేతినే మన మీదికి వాడుకోవాలె. ఈ పద్ధతి ఆటకూ రాజకీయానికీ ఒకటే.

ఆ పోటీల్లో జట్ల పేర్లు హిందువులు, ముస్లిములు, పార్శీలు, యూరోపియన్లు. మతాల పేర్ల మీద నడిచిన ఆ పోటీలు 1946తో ఆగిపోయాయి. 2008లో నగరాల పేర్ల మీద కొత్త జట్లు వచ్చాయి. పేరు మోసేదెవరు, పేరు అమ్ముకునేదెవరు అన్న ప్రశ్న మాత్రం పాతదే.

నగరం పేరుకు పాట

హైదరాబాద్ పేరుతో వృత్తి క్రికెట్ జట్టు డెక్కన్ చార్జర్స్‌తో మొదలు కాలేదు. 2007లో ఎస్సెల్ గ్రూపు ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ వచ్చింది. అందులో చేరిన ఆటగాళ్ళను భారత క్రికెట్ బోర్డు తన పోటీలకు దూరం పెట్టింది. 2009లో ఆ లీగును వదిలి వచ్చినవాళ్ళను 'క్షమించి' తిరిగి చేర్చుకుంది. తప్పు కట్టించుకుని కులంలో కలుపుకున్నట్టుగనే ఉంది ఈ తంతు.

బోర్డు తన సొంత లీగు కోసం 2008 జనవరి 24న ఎనిమిది నగరాలను వేలం వేసింది. హైదరాబాద్‌ను డెక్కన్ క్రానికల్ కంపెనీ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు పాడుకుంది. ముంబై, బెంగళూరు తర్వాత అదే పెద్ద పాట. ఆంధ్రభూమి దినపత్రిక కూడా ఆ కంపెనీదే. జట్టుకు పెట్టిన పేరును గమనించాలె. హైదరాబాద్ అన్న మాట అందులో లేదు. డెక్కన్ అన్నది ప్రాంతం పేరూ, పత్రిక పేరూ. జట్టు ఎవరిదో పేరులోనే ఉంది. పైగా ఆట గురించి రాసే చేతికే ఆటను నడిపే అధికారం కూడా వచ్చింది. పత్రిక లేని కులాలకు చరిత్ర ఉండదని మనం చాలాకాలంగా అంటున్న మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలె.

మొదటి ఏడాది నిబంధనల ప్రకారం ప్రతి జట్టులో కనీసం నలుగురు ఆ ప్రాంతపు ఆటగాళ్ళుండాలి. ప్రాంతానికి కోటా పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 'ప్రతిభ' చెడిపోతుందని ఎవరూ గగ్గోలు పెట్టలేదు. 2017లో కేంద్రమంత్రి రాందాస్ అథవాలే క్రికెట్లో దళితులకు 25 శాతం రిజర్వేషన్ కావాలన్నప్పుడు మాత్రం ప్రతిభ గుర్తొచ్చింది. 1932 నుంచి భారత్ తరఫున టెస్టులు ఆడిన 290 మంది పురుషుల్లో తెలిసినంతవరకు దళితులు నలుగురేనని 2018లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వ్యాసం ఒకటి లెక్కగట్టింది. వేలానికి వచ్చే జాబితా ఆకాశం నుంచి ఊడిపడదు. దాని వెనక క్లబ్బులు, బడులు, టర్ఫ్ పిచ్చులు, తోలుబంతి ఖర్చు, కొడుకు సంపాదన కోసం పదేళ్ళు ఆగగలిగిన ఇల్లు ఉంటాయి. మార్కెట్టుకు కులం పట్టదు అనేవాళ్ళు వేలం రోజు హాలును చూస్తున్నరు. ఆ హాలు దాకా వచ్చే దారిని చూస్తలేరు.

సైమండ్స్ వెల

2008 ఫిబ్రవరి 20న ఆటగాళ్ళ వేలం జరిగింది. లక్ష్మణ్ తనకు రావాల్సిన 'ఐకాన్' హోదాను వదులుకోవడంతో జట్టు చేతిలో ఖర్చుకు డబ్బు మిగిలింది. ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నారు. ధోనీ తర్వాత ఆ రోజు అంత వెల పలికినవాడు లేడు.

ఈ కొనుగోలుకు ముందు జరిగింది మనం మరవకూడదు. సైమండ్స్‌ది కొంత కరీబియన్ నల్లజాతి మూలం. 2007 అక్టోబరులో ఆస్ట్రేలియా జట్టు మన దేశానికి వచ్చింది. ఆ నెల 5న ఉప్పల్‌లో సైమండ్స్ 89 పరుగులు చేశాడు. అదే పర్యటనలో వడోదరలో, ముంబైలో ప్రేక్షకులు ఆయనను చూసి కోతి కూతలు కూశారు. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో ఒక భారత ఆటగాడు అదే మాట అన్నాడన్న ఆరోపణ వచ్చింది. శిక్ష పడింది, నెలాఖరు అప్పీలులో ఆ అభియోగం నిలవలేదు. మూడు వారాలకు ఈ వేలం.

అప్పుడు పత్రికల్లో ఒక మాట నడిచింది, డబ్బు అన్ని గాయాలను మాన్పుతుందని. మాకు అట్ల అనిపించదు. వెల వేరు, విలువ వేరు. మన తాతలకు కూడా వెల ఉండేది. జీతానికి కుదిరేటప్పుడు కండ చూసి కట్టేవాళ్ళు. 2008 ఏప్రిల్ 24న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద సైమండ్స్ 53 బంతుల్లో 117 పరుగులు చేసి నిలిచాడు. హైదరాబాద్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నిజమే. మేము కూడా హాస్టల్ పక్క టీకొట్టులో టీవీ ముందు నిలబడి కొట్టినం. ఒక నల్లని మనిషి మన నగరం బట్ట కట్టుకుని కొడుతుంటే కలిగిన సంతోషాన్ని ఇవాళ కాదనం. కానీ ఆ సంతోషం కోతి కూతలు కూసిన సమాజాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. చివరి ఓవర్లో షేన్ వార్న్ సైమండ్స్ బంతులనే బాది రాజస్థాన్‌ను గెలిపించాడు. ఆ ఏడాది సొంత మైదానంలో ఆడిన ఏడు మ్యాచ్‌లూ జట్టు ఓడింది. మొత్తం 14లో గెలిచింది రెండే, రెండూ పరాయి నగరాల్లో. 2022లో సైమండ్స్ కారు ప్రమాదంలో చనిపోయాడు.

నగరం మాట్లాడినప్పుడు

2009లో లోక్‌సభ ఎన్నికల వల్ల పోటీలన్నీ దక్షిణాఫ్రికాకు తరలించారు. గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు మే 24న జోహనెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. ఫైనల్లో ఆఖరిదాకా నిలబడి 53 పరుగులు చేసిన హెర్షెల్ గిబ్స్, వర్ణవివక్ష చట్టాలు 'కలర్డ్' అని ముద్రవేసిన జనంలో పుట్టినవాడు. ఆ దేశం తన క్రికెట్లో గత అన్యాయాన్ని ఒప్పుకుని, 2016లో జాతీయ జట్టుకు లక్ష్యం పెట్టుకుంది. ఏడాది సగటున పదకొండుమందిలో ఆరుగురు తెల్లవారు కానివాళ్ళు, వాళ్ళలో ఇద్దరు నల్ల ఆఫ్రికన్లు ఉండాలని. అక్కడా తగాదాలున్నయి, లోపాలున్నయి. కానీ లెక్క బల్ల మీద పెట్టి మాట్లాడతరు. మన దగ్గర లెక్క అడగడమే నేరం.

2009 డిసెంబరు 9 ప్రకటన తర్వాత తెలంగాణ ఉద్యమం ఎట్ల నడిచిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఉప్పల్ మైదానానికి కొద్ది దూరంలోనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌లో లాఠీలకు ఎదురు నిలిచినవాళ్ళలో సంక్షేమ హాస్టళ్ళ నుంచి వచ్చిన దళిత బహుజన విద్యార్థులు చాలామంది. 2010 ఐపీఎల్ మ్యాచ్‌లు హైదరాబాద్ నుంచి తీసేశారు. డెక్కన్ చార్జర్స్ 'సొంత' మ్యాచ్‌లు నాగపూర్‌లో, కటక్‌లో, నవీ ముంబైలో ఆడింది. కప్పు గెలిచిన జట్టు రెండేళ్ళపాటు సొంత ఊర్లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే సొంత ఊరి జట్టుగా చెలామణి అయింది. ఆ ఏడాది సెమీఫైనల్ దాకా పోయింది కూడా. నగరం రోడ్డు మీద ఉన్నప్పుడు నగరం పేరు వేరే చోట అమ్ముడుపోయింది. జనం లేకపోయినా టీవీ ఉంటే చాలునని అప్పుడు అర్థమైంది.

మైదానం పేరు, మైదానం పని

ఉప్పల్ మైదానం పేరుకే ఒక చరిత్ర ఉంది. మొదట దాని పేరు విశాక అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం. వేలంలో ఆ పేరు హక్కు పొందిన విశాక ఇండస్ట్రీస్, తెలంగాణ దళిత నాయకుడు జి. వెంకటస్వామి కుమారుడు వివేకానంద్ స్థాపించిన సంస్థ. కొద్దికాలానికే ఆ పేరు తీసేసి రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. ఈ వివాదంలో 2016లో మధ్యవర్తి తీర్పు విశాకకు అనుకూలంగా వచ్చింది. వివేకానంద్ తర్వాత హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యారు. మనవాళ్ళు డబ్బు పెట్టగలిగినా గోడ మీద పేరు నిలవడం అంత తేలిక కాదని ఒక పాఠం. మనవాళ్ళలో ఒకరు అధ్యక్ష కుర్చీలో కూచున్నంత మాత్రాన వాడ పిల్లలకు టర్ఫ్ పిచ్చు రాదని రెండో పాఠం. రెండూ కలిపి చదువుకోవాలె.

మైదానం పని సంగతి ఇంకొకటి. మ్యాచ్ రోజుల్లో మా హాస్టల్ మిత్రులు కొందరు దినకూలికి పోయేటోళ్ళు. కుర్చీలు తుడవడం, నీళ్ళ డబ్బాలు మోయడం, గేటు కాడ నిలబడటం. మెడలో వేసిన కార్డును రాత్రి తిరిగి తీసుకునేవాళ్ళు. ఆటకు వీపు పెట్టి జనాన్ని చూస్తూ నిలబడటం ఆ పనిలో భాగం. కేకలు వింటూ ఏం జరిగిందో ఊహించుకునేది. సైమండ్స్ వంద కొట్టిన రాత్రి మైదానంలోనే ఉండి, ఒక్క బంతి చూడని మిత్రుడు మాకున్నడు.

అప్పు, తీర్పు, మిగిలినవాళ్ళు

2012 నాటికి డెక్కన్ క్రానికల్ కంపెనీ ప్రభుత్వరంగ బ్యాంకులతో సహా అనేక సంస్థలకు పెద్ద ఎత్తున బాకీ పడింది. ఆటగాళ్ళ డబ్బు బకాయిల గురించి అంతర్జాతీయ ఆటగాళ్ళ సమాఖ్య గొంతెత్తింది. సెప్టెంబరు 13న జట్టును అమ్మకానికి పెట్టారు. ఒక్క పీవీపీ వెంచర్స్ మాత్రమే పాడింది, దాన్నీ తిరస్కరించారు. మరునాడు బోర్డు ఒప్పందం రద్దు చేసింది. కోర్టుల్లో కొన్ని వారాలు నడిచి, అక్టోబరులో జట్టు కథ ముగిసింది. అదే నెల 25న హైదరాబాద్ పేరు మీద కొత్త జట్టు హక్కును సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల 5 లక్షలకు పాడుకుంది. సన్‌రైజర్స్ వచ్చింది.

ఎస్సీ కార్పొరేషన్ నుంచి చిన్న యూనిట్ పెట్టుకుందామని బ్యాంకు మెట్లెక్కినవాళ్ళకు జామీను, మార్జిన్ మనీ, మేనేజరు ముఖం ఎట్లుంటయో తెలుసు. మన వాడలో బాకీ పడితే తలుపులు పీక్కపోయిన రోజులూ తెలుసు. నగరం పేరు మీద ఆడిన జట్టు యజమానికి అంతంత అప్పు ఎట్ల పుట్టిందో అడిగే హక్కు ఆ బ్యాంకుల్లో పొదుపు దాచుకున్న ప్రతి కూలి మనిషికీ ఉంది.

కథ అక్కడ ఆగలేదు. రద్దు చట్టవిరుద్ధమని 2020 జులైలో మధ్యవర్తి తీర్పు చెప్పి, బోర్డు కంపెనీకి 4,814 కోట్ల రూపాయలు, వడ్డీ చెల్లించాలన్నాడు. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎవరిది న్యాయం అన్నది మా విషయం కాదు. చనిపోయిన జట్టు వల్ల యజమానికి కలిగిన నష్టాన్ని రూపాయల్లో కొలిచే యంత్రాంగం ఈ దేశంలో ఉంది. పెద్ద ఆటగాడి బకాయి అడగడానికి సమాఖ్య ఉంది. గడ్డి కోసినవాడు, రోలరు లాగినవాడు, గేటు కాడ నిలబడ్డవాడు ఏ కోర్టులో వాది? స్కోరు కార్డులో వాళ్ళకు గడి లేదు.

మన పని

మార్కెట్టు ఏమీ ఇవ్వలేదని మేము అనడం లేదు. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. ఆ కుటుంబం బతుకు మారింది, దేశం తరఫున ఆడిండు. సంతోషమే. కానీ ఒక్కరు దాటడం వేరు, దారి వేయడం వేరు. ఐదేళ్ళ డెక్కన్ చార్జర్స్ చరిత్ర మాకు చెప్పేది ఇదే. తయారైన పనితనాన్ని మార్కెట్టు కొంటుంది. పనితనం తయారయ్యే చోట్లను పాత కట్టుబాటు చేతిలోనే వదిలేస్తుంది.

2024 మే నెలలో భారత క్రికెట్ బోర్డు ఐపీఎల్ జరిగే పది ప్రధాన మైదానాల సిబ్బందికి, క్యురేటర్లకు మైదానానికి 25 లక్షల చొప్పున బహుమతి ప్రకటించింది. ఐపీఎల్ మొదలైన పదహారేళ్ళకు రోలరు లాగే చేతులు కనబడినయి. మంచిదే. అయితే బహుమతి ఇచ్చేవాడి దయ, హక్కు అడిగేవాడి బలం. మనకు కావాల్సింది రెండోది. వాడలకు, సంక్షేమ హాస్టళ్ళకు, గురుకులాలకు మైదానాలు, శిక్షకులు కావాలి. జిల్లా సంఘాల్లో, క్లబ్బుల ఓట్లలో వాటా కావాలి. ఆడుతున్నవాళ్ళ లెక్క బయటపెట్టాలి.

చరిత్ర విద్యార్థులకు ఇంకో పని ఉంది. మ్యాచుల వివరాలు ఎవరైనా తీసుకోవచ్చు, అవి పోవు. పోయేవి మనుషుల జ్ఞాపకాలు. మైదానాల్లో పనిచేసినవాళ్ళ దగ్గరికి, ఊరి జట్లకు బంతి వేసి పేరు లేకుండా మిగిలిన అన్నల దగ్గరికి పోయి, వాళ్ళ మాట వాళ్ళ నోటితోనే రాసుకోవాలె. వాళ్ళు చాలామంది ఇప్పుడు అరవై దాటుతున్నరు. మేము మా ఊరి నుంచి మొదలుపెట్టినం. ఆ ఫోటో వెనక పదకొండో పేరు రాసినం. మిగతా ఊర్ల నుంచి పాఠకులు రాయాలని కోరుతున్నం.